అయోవాలో నా హోస్ట్ ఫ్యామిలీ, మా మర్రిగూడ నీళ్లు

2018 ఆగస్టు నుంచి 2019 జూన్ వరకు నేను అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, ఒక చిన్న పట్టణంలో, అంతకుముందు ముక్కూమొహం తెలియని కుటుంబంతో కలిసి ఉన్నాను. అక్కడి హైస్కూల్లో పదకొండో తరగతి చదివాను. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు. నేను చదివిన గురుకులంలోని పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు. ఎట్లా వెళ్లావు, ఆ ఇంట్లో ఎట్లా ఉన్నావు, తిండి ఎట్లా, ఆడపిల్లను పంపితే పర్వాలేదా? ఫోన్లో ఎంత చెప్పినా సగమే అవుతోంది. అందుకే మొత్తం రాద్దామనుకున్నా.

నేను వెళ్లింది కెన్నెడీ-లూగర్ యూత్ ఎక్స్‌ఛేంజ్ అండ్ స్టడీ ప్రోగ్రామ్ కింద. అందరూ 'యెస్' ప్రోగ్రామ్ అంటారు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్న దేశాల పిల్లలు అమెరికా కుటుంబాల మధ్య కొన్నాళ్లు బతికితే ఒకరి గురించి ఒకరికి తెలుస్తుందని అమెరికా ప్రభుత్వం 2002లో దీన్ని పెట్టింది. మన దేశం నుంచి ఏ మతం పిల్లలైనా వెళ్లవచ్చు. విమానం టికెట్టు, ఇన్సూరెన్సు, నెలనెలా చేతి ఖర్చులకు కొంత డబ్బు, అన్నీ అక్కడి విదేశాంగ శాఖవే. ఇక్కడ ఎంపిక చేసేది ఏఎఫ్‌ఎస్ ఇండియా. ఏఎఫ్‌ఎస్ అనేది మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులను మోసిన అంబులెన్సు డ్రైవర్ల దళంగా పుట్టింది. రెండో యుద్ధం ముగిశాక, 1947 నుంచి, స్కూలు పిల్లలను ఒక దేశం నుంచి మరో దేశం ఇళ్లకు పంపే పని పెట్టుకుంది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఆ సంస్థ మీద గౌరవం కలిగింది. నేను చెప్పేది నా ఏడాది సంగతి. ఈ ఏడు ఉందా లేదా, వయసు ఎంతుండాలి, తేదీలేమిటి అన్నది వాళ్లనే అడిగి తెలుసుకోండి.

మా ఇంగ్లీషు మేడం నోటీసు చదివి, పేర్లు ఇమ్మన్నప్పుడు నేను పదో తరగతిలో ఉన్నాను. ఒకపక్క బోర్డు పరీక్షల టెన్షన్. ఇంగ్లీషు పరీక్ష ఉంటుంది, వ్యాసాలు రాయాలి, ఇంటర్వ్యూ ఉంటుంది, పిల్లలను గుంపుగా కూర్చోబెట్టి ఒక పని ఇచ్చి ఎవరు ఎట్లా మాట్లాడుతున్నారో, ఎవరు పక్కవాళ్ల మాట వింటున్నారో చూస్తారు. అన్నింటికీ ఫస్టు వచ్చే పిల్లలే ఎంపికవుతారని అనుకోవద్దు. నాతో పాటు ఎంపికైన వాళ్లలో సగటు మార్కుల పిల్లలు ఉన్నారు. ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇది: "నీకు ఇష్టం లేని కూర పెడితే ఏం చేస్తావు?" హాస్టల్లో ఐదో తరగతి నుంచి ఉన్నదాన్ని, ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర బోలెడంత ఉంది.

దరఖాస్తులో నాకు కష్టమైంది వ్యాసం కాదు, ఫోటో. హోస్ట్ ఫ్యామిలీకి ఒక ఉత్తరం రాయాలి, దానితో పాటు మన ఫోటోలు పంపాలి. వాటిలో నవ్వుతూ దిగినవి ఉండాలన్నారు. మా మండలం సంగతి తెలిసినవాళ్లకు నేను చెప్పకుండానే అర్థమవుతుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు, నారాయణపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరిన్ ఎక్కువ. అవే తాగి పెరిగిన మా ఈడు పిల్లలకు పళ్ల మీద గోధుమ రంగు చారలు, గుంటలు ఉంటాయి. ఎంత తోమినా పోవు. నేను ఆరో తరగతి నుంచే చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. ఏ ఫోటోలో చూసినా పెదాలు బిగించే ఉంటాను. మా మేడం ఒక సాయంత్రం గ్రౌండులో నిలబెట్టి, నా స్నేహితులను ఎదురుగా పెట్టి, వాళ్లు చేసిన అల్లరికి నేను నవ్వుతుంటే ఫోన్లో తీసింది. ఆ ఫోటోనే అయోవా వెళ్లింది.

తర్వాత ఏఎఫ్‌ఎస్ వలంటీర్లు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. మాల్ అనే ఊరి దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి ఆటోలో. మాది రెండు గదుల ఇల్లు, మూడెకరాల పత్తి చేను. అమ్మ చాయ పెట్టింది. నాయిన సూటిగా అడిగాడు: "పైసలు తీస్కోకుంట పరాయి పిల్లను ఏడాది పొడుగునా ఇంట్ల ఎందుకు పెట్టుకుంటరు?" వాళ్లు ఓపిగ్గా చెప్పారు. హోస్ట్ కుటుంబాలకు జీతం ఉండదు, ఇష్టపడి పేరు ఇచ్చుకుంటారు. ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరి మీదా పాత కేసులు ఏమైనా ఉన్నాయా అని ఆరా తీస్తారు. ఇల్లు స్వయంగా చూసి వస్తారు. పిల్లకు విడిగా మంచం ఉండాలి, గది పంచుకోవాల్సి వస్తే ఆడపిల్లతోనే. స్థానికంగా ఒక కోఆర్డినేటర్ ఉండి నెలనెలా పిల్లతో, ఇంటివాళ్లతో మాట్లాడాలి. నాయిన అన్నీ విన్నాడు, కానీ మొదటి ప్రశ్న ఆయన మనసులో అట్లాగే ఉండిపోయింది. నడుం వంగిపోయి, మోకాళ్లు బిగుసుకుపోయి, అరుగు మీద కూర్చున్న నాయినమ్మ మాత్రం ఒకే మాట అంది: "పోనియ్యిరి. ఈడుంటే నా లెక్కనే అయితది."

అమ్మకు ఇంకో దిగులు. ఏడాది చదువు పోతుంది. ఇది నిజమే, దీన్ని దాచిపెట్టి ఎవరినీ ఆశపెట్టకూడదు. అక్కడ చదివిన పదకొండో తరగతిని నా విషయంలో ఇక్కడ ఇంటర్ కింద లెక్కలోకి తీసుకోలేదు. తిరిగి వచ్చి ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరాను, నా క్లాసుమేట్లు అప్పటికి రెండో సంవత్సరం. వెళ్లేముందే ఇంట్లో అందరూ ఈ మాట ఒప్పుకుని ఉంటే మంచిది.

వీసా పని అనుకున్నంత భయంగా జరగలేదు. ఎక్స్‌ఛేంజ్ పిల్లలకు ఇచ్చేది జే-1 వీసా. సంస్థ డీఎస్-2019 అనే పత్రం ఇస్తుంది, అది పట్టుకుని కాన్సులేటుకు వెళ్లాలి. అప్పట్లో అది బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది, 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. నాయిన బయట ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడు, నేను లోపలికి వెళ్లి రెండు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి వచ్చాను. ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకోండి. అమెరికా ప్రభుత్వ డబ్బుతో వెళ్లిన జే-1 వాళ్లు తిరిగొచ్చాక రెండేళ్లు సొంత దేశంలో ఉంటే తప్ప అక్కడ ఉద్యోగ వీసాకో గ్రీన్‌కార్డుకో అర్హులు కారు. "అక్కడే ఉండిపోవచ్చు కదా" అని అడిగే బంధువులకు మేము చెప్పే జవాబు ఇదే.

ఊరు దాటేటప్పుడు అమ్మ ఏడవలేదు. "పైలం బిడ్డా" అని ఒక్కసారి అని, బస్సు కదిలేదాకా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది.

హోస్ట్ మామ్, హోస్ట్ డాడ్, తొమ్మిదో తరగతి చదివే చెల్లి, ప్రైమరీ స్కూలు తమ్ముడు, ఒక ముసలి కుక్క. హోస్ట్ మామ్ పళ్ల డాక్టరు క్లినిక్‌లో పళ్లు శుభ్రం చేసే హైజీనిస్టు. ఈ సంగతి నాకు ముందే ఉత్తరంలో తెలిసింది. తెలిసినప్పటి నుంచి గుండెల్లో రాయి పడినట్టే ఉంది. ఎయిర్‌పోర్టులో ఆమె కౌగిలించుకుంటే నేను నోరు మూసుకునే నవ్వాను.

మొదటి రోజే వంటింట్లో బల్ల దగ్గర అందరం కూర్చుని ఇంటి పద్ధతులు మాట్లాడుకున్నాం. రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, స్నానానికి ఎవరి వంతు ఎప్పుడు, ఎవరెవరు ఏ పని చేస్తారు. నాకు గిన్నెలు మెషీన్లో సర్దే పని, వారానికోసారి బాత్రూం కడిగే పని ఇచ్చారు. ఇంటి పిల్లలకూ అంతే. మా చుట్టాల్లో ఒకరు ఇది విని "పని మనిషిని చేసిండ్రా?" అని అమ్మను అడిగారట. నాకైతే ఆ పని ఇచ్చినందుకే అక్కడ కాలు నిలిచింది. పని లేకుండా కూర్చున్న మొదటి రెండు రోజులు పరాయి ఇంట్లో ఉన్నట్టుంది, గిన్నెలు ఎక్కడ పెట్టాలో తెలిశాక ఆ ఇల్లు నాకు తెలిసింది.

తిండి దగ్గర తేడా ఎక్కడ వచ్చిందంటే, రుచిలో కాదు, అడగడంలో. మన ఇంట్లో వద్దన్నా ఇంకో ముద్ద వేస్తారు. వద్దనడం మర్యాద, వేయడం ప్రేమ. అక్కడ "ఇంకొంచెం కావాలా?" అని ఒక్కసారి అడుగుతారు. వద్దంటే ఆ గిన్నె మూత పడుతుంది. మొదటి వారాల్లో రాత్రిపూట ఆకలితో పడుకున్నాను. ఒకరోజు కోఆర్డినేటర్ మాటల్లో అడిగితే చెప్పేశాను. ఆమె నన్నే హోస్ట్ మామ్‌కు చెప్పమంది. చెప్పాను. హోస్ట్ మామ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ ఇంట్లో పిల్ల ఆకలితో పడుకుందా" అని. ఆ సాయంత్రం సూపర్‌మార్కెట్‌కు తీసుకెళ్లి బియ్యం, కారం పొడి కొనిపెట్టింది. ఫ్రిజ్ తెరిచి ఇందులో ఏది తీసుకున్నా ఎవరినీ అడగక్కర్లేదని తమ్ముడి చేత కూడా చెప్పించింది. నేను చికెన్ కూర వండితే హోస్ట్ డాడ్ చెమటలు కక్కుతూ రెండోసారి వేసుకున్నాడు. అయోవా అంటే పందుల పెంపకానికి పేరు, మనుషులకంటే పందులే ఎక్కువ. నేను పంది మాంసం తిననంటే ఎవరూ బలవంతం చేయలేదు, నాకు వేరే పెట్టేవారు. చర్చికి కూడా అంతే. రమ్మన్నారు, రాకపోయినా పర్వాలేదన్నారు. నేను వెళ్లాను, పాటలు బాగుండేవి.

ఇంటికి ఫోన్ చేయడం ఇంకో తకరారు. మనకూ అయోవాకూ ఎండాకాలంలో పదిన్నర గంటల తేడా, నవంబర్‌లో వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పాక పదకొండున్నర. అమ్మ చేను నుంచి వచ్చి తీరిగ్గా కూర్చునే వేళకు నాకు స్కూలు. రాత్రి భోజనాల వేళ అమ్మకు పొద్దుటి పని. శనివారం పొద్దున ఎనిమిదింటికి అని హోస్ట్ మామే ఒక వేళ పెట్టింది, మన దగ్గర అప్పటికి సాయంత్రం ఆరున్నర. రోజూ మాట్లాడాలనిపించేది. కానీ రోజూ మాట్లాడే స్నేహితురాలు ఒకామె వేరే రాష్ట్రంలో ఉండేది, ఆమె మనసు డిసెంబర్ దాకా హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. వారానికోసారి చాలు అన్నది నా గట్టి నమ్మకం, తల్లులకు ఈ మాట నచ్చకపోయినా.

సెప్టెంబర్ చివర్లో అనుకుంటా, రాత్రి భోజనం దగ్గర హోస్ట్ మామ్ మర్నాడు ప్రైమరీ స్కూల్‌కు వెళ్లి చిన్నపిల్లల పళ్లకు ఫ్లోరైడ్ పూత వేస్తానని చెబుతోంది. నా చేతిలో ఫోర్కు ఆగిపోయింది. ఫ్లోరైడా? పిల్లలకా? మా ఊరి గోడల మీద ఆ పేరు హెచ్చరికల్లో చదివాను. ఆ పేరు చెప్పి మా ఊళ్లకు పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్లు. అడిగాను. ఆమె మామూలుగా, పూత ఒక్కటే కాదు, ఈ ఊరి కుళాయి నీళ్లలో కూడా కలుపుతారని చెప్పింది.

నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆమె గమనించి, పిల్లలు లేచి వెళ్లాక నా పక్కన కూర్చుంది. అప్పుడు చెయ్యి తీసి, పళ్లు చూపించి, మొత్తం చెప్పాను. మా నాయినమ్మ నడుము సంగతి, మా బోర్ల సంగతి, ఇరవై లీటర్ల డబ్బాల్లో నీళ్లు కొనుక్కునే సంగతి. నాకు వచ్చిన ఇంగ్లీషు చాలక కొంత చేతులతో చెప్పాను. ఆమె అంతా విని అంది: "నీ ఫోటో చూసిన రోజే నాకు తెలుసు. నువ్వు చెప్పేదాకా అడగకూడదని ఊరుకున్నా."

తర్వాత ఆమె చెప్పిన కథ విని నేను నిజంగా నోరు తెరిచాను. అమెరికాలోనే, కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్లో, వందేళ్ల కింద పిల్లల పళ్లు అచ్చం నా పళ్లలాగే ఉండేవట. 1901లో ఆ ఊరికి వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టరు దాన్ని చూసి, ఎవరూ పట్టించుకోకపోయినా ఏళ్ల తరబడి కారణం వెతికాడు. నీళ్లలోనే ఏదో ఉందని ఆయనకు అనుమానం. చివరికి 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త నీళ్లను పరీక్షించి అది ఫ్లోరైడ్ అని తేల్చాడు. ఇంకో వింత ఏమిటంటే, ఆ మచ్చల పళ్లకు పుచ్చు తక్కువ. దాంతో ఎంత ఉంటే మేలు, ఎంత దాటితే చెరుపు అని లెక్కలు కట్టారు. 1945లో మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ ర్యాపిడ్స్‌లో మొదటిసారి ఊరి నీళ్లలో కొలిచి కలిపారు. ఇప్పుడు అక్కడ లీటరుకు 0.7 మిల్లీగ్రాములు ఉంటే చాలంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5. మా వైపు కొన్ని బోర్లలో దానికి ఎన్నో రెట్లు. మాది రాతి నేల, గ్రానైటులో ఉన్న ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. వాన తక్కువ, బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఆ రాతిలో ఎక్కువ కాలం నిలిచినవి. చిన్నప్పుడు, పళ్లు ఇంకా చిగుళ్ల లోపల తయారవుతున్నప్పుడు ఆ నీళ్లు తాగితే ఈ మచ్చలు వస్తాయి. ఏళ్లకేళ్లు తాగితే ఎముకలకు పాకుతుంది.

నాకు అప్పటిదాకా ఇది మా ఊరికి పట్టిన పీడ అనే తెలుసు. మా బడిలో ఫ్లోరోసిస్ మీద పాఠం చెప్పారు, కానీ ఇదే మచ్చ ఒకప్పుడు అమెరికా పిల్లల నోట్లోనూ ఉండేదని ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి గదిలోకి వెళ్లి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఏదో తేలికగా అనిపించింది.

మరుసటి వారం హోస్ట్ మామ్ పనిచేసే క్లినిక్ డాక్టరు పళ్ల మీద పూత వేసి మచ్చలు కప్పవచ్చని, ఫీజు వద్దని కూడా అన్నాడు. అమ్మను అడిగితే "చేయించుకో బిడ్డా" అంది. వారం రోజులు అదే ఆలోచన. చివరికి వద్దనుకున్నాను. చేయించుకునేవాళ్లది తప్పని నేను అనను. మా ఊళ్లో ఎవరికైనా ఆ అవకాశం వస్తే తప్పకుండా చేయించుకోమంటాను. నాకు మాత్రం ఆ సమయంలో ఈ పళ్లతోనే ఒక పని చేయాలని బుద్ధి పుట్టింది.

అమెరికా స్కూళ్లలో నవంబర్‌లో ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ వీక్ అని జరుపుతారు. మాలాంటి పిల్లలు తమ దేశం గురించి క్లాసుల్లో మాట్లాడతారు. ఎక్కువమంది చీర కట్టి, చార్మినార్, తాజ్‌మహల్ చూపించి, ఒక పాటకు నాట్యం చేస్తారు. అది తప్పని కాదు. నేనూ ప్రైమరీ స్కూల్లో బతుకమ్మ గురించే చెప్పాను. అక్టోబర్‌లో మన పండగ వేళకు అయోవాలో ప్రతి ఇంటి గుమ్మం ముందూ చామంతి కుండీలు, గుమ్మడికాయలు వరసగా పెట్టి ఉంటాయి. వాళ్లు హాలోవీన్‌కు పెట్టుకున్నవి నా కళ్లకు బతుకమ్మ సామానులాగే కనిపించాయి. తంగేడు, గునుగు దొరకలేదు. హోస్ట్ మామ్, చెల్లి, నేను కలిసి చామంతులతోనే పేర్చాం, మధ్యలో గౌరమ్మను పెట్టి పెరట్లో చప్పట్లు కొడుతూ తిరిగాం. పక్కింటి ముసలమ్మ కూడా వచ్చి కలిసింది.

కానీ హైస్కూలు కెమిస్ట్రీ క్లాసులో నేను మా నీళ్ల గురించే మాట్లాడతానన్నాను. సార్ సంతోషంగా ఒక పీరియడ్ ఇచ్చాడు. నల్గొండ మ్యాపు వేశాను. సున్నం, పటిక కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారని, దానికి 'నల్గొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే ఉందని చెప్పాను. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మా గోడు దేశానికి వినిపించాలని నల్గొండలో వందలమంది నామినేషన్లు వేశారని, మొత్తం 480 మంది బరిలో నిలిస్తే బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయిందని, ఎన్నిక వాయిదా వేయాల్సి వచ్చిందని చెప్పినప్పుడు క్లాసంతా ఒక్కసారి "ఏంటీ?" అంది. నేను పుట్టకముందు సంగతి అది. నాయిన చెప్పగా విన్నాను. మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి నోటికి అడ్డం రాలేదు. చివర్లో నా పళ్లు చూపించి, "ఇది ఆ నీటి గుర్తు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఒక అబ్బాయి "నొప్పి పుడుతుందా?" అని అడిగాడు. పుట్టదని చెప్పాను. ఆ సాయంత్రం పళ్లకు తీగలు కట్టించుకుని, సిగ్గుతో నాలాగే నోరు మూసుకుని తిరిగే మా చెల్లి నా గదికి వచ్చి, తనకూ స్కూల్లో ఎవరెవరు ఏమంటారో మొదటిసారి చెప్పుకుంది. అప్పటిదాకా మేం ఒకే బస్సులో వెళ్లే ఇద్దరం. ఆ రాత్రి నుంచి అక్కాచెల్లెళ్లం.

హోస్ట్ డాడ్ వాళ్ల నాన్న ఊరి బయట పొలం దగ్గర ఉంటాడు. మొక్కజొన్న, సోయా. కోతల కాలంలో ఆయన కంబైన్ మీద నన్ను ఎక్కించుకున్నాడు. వందల ఎకరాలు ఇద్దరు మనుషులు కోసేస్తారు. మా అమ్మ పత్తి చేత్తో ఏరుతుందంటే ఆయన మిషన్ ఆపి, ఎకరానికి ఎంతమంది, ఎన్ని రోజులు, కూలి ఎంత అని రైతు రైతును అడిగినట్టు అడిగాడు. నా ఉపన్యాసం సంగతి ఆయనకు చేరింది. ఒకరోజు పిలిచి తన బావి నీటి పరీక్ష కాగితం చూపించాడు. అందులో నైట్రేట్. పొలాలకు వేసే నత్రజని ఎరువు వానకు కరిగి, నేల కింద వేసిన డ్రెయినేజీ గొట్టాల్లోంచి వాగుల్లోకి, నదుల్లోకి చేరుతుంది. బావుల్లోకీ దిగుతుంది. లీటరుకు పది మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లలకు ప్రమాదం. అయోవా రాజధాని డిమోయిన్‌లో నీటి సంస్థ నైట్రేట్ తీసేయడానికే పెద్ద ప్లాంటు నడుపుతుంది. 2015లో ఆ సంస్థ నదికి ఎగువన ఉన్న జిల్లాల మీద కోర్టుకు కూడా వెళ్లింది, 2017లో ఆ కేసు కొట్టేశారు. "ఎరువు వేసేది నేనే, ఆ నీళ్లు తాగేదీ నేనే" అన్నాడు తాతయ్య. మా నాయిన మూడెకరాల చేను గట్టు మీద కూర్చుని మాట్లాడినట్టే ఉంది. అమెరికాలో కుళాయి తిప్పితే దిగుల్లేని నీళ్లు వస్తాయనుకుని వెళ్లిన నాకు, ఆ ముసలి రైతు అంత నిజాయితీగా చెప్పడం అన్నిటికంటే పెద్ద పాఠం.

చలి గురించి ఎక్కువ రాయను. 2019 జనవరి ఆఖరున వచ్చిన చలిగాలికి ఉష్ణోగ్రత మైనస్ 25 డిగ్రీలు దాటింది. స్కూళ్లు మూసేశారు. పోస్టు పంచడం కూడా ఆపేశారు. మేమంతా ఇంట్లో కూర్చుని బిర్యానీ వండుకున్నాం. బెంగ నిజంగా పట్టుకునేది నవంబర్, డిసెంబర్‌లలో, సాయంత్రం ఐదింటికే చీకటి పడే రోజుల్లో. దానికి నాకు పనిచేసిన మందు స్కూలు అయ్యాక ఏదో ఒక జట్టులో చేరడం. వసంతంలో ట్రాక్ టీములో చేరాను. మా స్కూల్లో పరుగు రాకపోయినా తీసుకుంటారు.

అందరికీ నాలాంటి ఇల్లే దొరుకుతుందని చెప్పలేను. నాతో ఢిల్లీ ఓరియంటేషన్‌లో ఉన్న ఒక అమ్మాయికి మొదటి ఇంట్లో పొసగలేదు. గొడవేం లేదు, వాళ్లు ఎప్పుడూ ఇంట్లో ఉండరు, ఈ పిల్ల ఒక్కతే. నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా భరించింది, చెబితే వెనక్కి పంపేస్తారేమోనని. చివరికి కోఆర్డినేటర్‌కు చెబితే ఇల్లు మార్చారు. రెండో ఇంట్లో చక్కగా ఉంది. ఇల్లు మార్చడం పరువు తక్కువ కాదు. ఇది తల్లిదండ్రులు కూడా తెలుసుకోవాలి. పిల్ల ఫోన్లో "ఇక్కడ బాగాలేదు" అంటే "సర్దుకుపో" అని వెంటనే అనకండి, ఎవరికి చెప్పిందో అడగండి. మా అందరికీ ఒక కార్డు ఇచ్చారు, దాని మీద కోఆర్డినేటర్ నంబరుతో పాటు అమెరికా విదేశాంగ శాఖ హెల్ప్‌లైన్ నంబరు కూడా ఉంటుంది. దాన్ని ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి.

వచ్చేముందు ఒకరోజు నాయిన ప్రశ్న హోస్ట్ మామ్‌ను అడిగేశాను. డబ్బు తీసుకోకుండా ఎందుకు పెట్టుకున్నారని. ఆమె కొంచెంసేపు ఆలోచించి, తను హైస్కూల్లో ఉన్నప్పుడు తన క్లాసులోకి వేరే దేశం నుంచి ఒక అమ్మాయి వచ్చిందని, తన పిల్లలు ఈ ఊరు దాటి వెళ్లకముందే ఈ ఊరు కాని మనిషితో కలిసి పెరగాలనుకున్నానని చెప్పింది. "పైగా నీ ఫోటో నచ్చింది" అంది. ఇంటికి వచ్చాక నాయినకు ఈ జవాబు అట్లాగే చెప్పాను. ఆయన తలూపాడు. "మనం పెట్టుకుందుమా?" అని అమ్మను అడిగాడు.

నేను వచ్చేనాటికి మా ఊళ్లో కుళాయిలకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన భగీరథ నీళ్లు. ఇప్పుడు మా ఊరి చిన్నపిల్లల పళ్లు తెల్లగా ఉంటున్నాయి, చూస్తే కడుపు నిండుతుంది. నాయినమ్మ నడుము మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఆమె 2021లో పోయింది. హోస్ట్ మామ్ ఆ రోజు వీడియో కాల్‌లో అమ్మతో మాట్లాడింది. ఆమెకు తెలుగు రాదు, అమ్మకు ఇంగ్లీషు రాదు. నేను మధ్యలో ఏమీ చెప్పలేదు. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

వచ్చే చలికాలం హోస్ట్ మామ్, చెల్లి మా ఊరు వస్తున్నారు. వాళ్లకు ఏ నీళ్లు ఇవ్వాలని ఇప్పటినుంచే ఇంట్లో వాదన. అమ్మ సీసా నీళ్లు తెప్పిద్దామంటోంది. నాయిన ఒప్పుకోవడం లేదు, కుళాయి నీళ్లే ఇద్దామంటున్నాడు. ఆ నీళ్లు పరీక్ష చేయించి కాగితం తెమ్మని నన్ను నల్గొండ పంపుతున్నాడు.